జోరి పేరు పెట్టిన చామంతి

మార్చి 4, 2011

ప్లోవ్‌దివ్ నుంచి ఉత్తరం. క్రెమెనా అనే అమ్మాయి. ఆ పేరు ఎప్పుడూ వినలేదు. కొండచామంతుల మీద పెద్ద పుస్తకం రాస్తోందట, దేశంలో ఉన్న ప్రతి రకాన్నీ కొత్తగా లెక్కపెడుతోందట. లెక్కపెట్టుకోమను. వయసుంది, కళ్ళున్నాయి.

జవాబు రాయను.

మార్చి 6

లాజర్‌కి ఉత్తరం సంగతి చెప్పలేదు. ఆయన చూపు మధ్యలో మచ్చ పడ్డప్పటి నుంచి ఇంటికొచ్చే కాగితాలన్నీ నేనే చదివి వినిపిస్తున్నాను. ఏది వినిపించాలో, ఏది అక్కర్లేదో కూడా నేనే చూసుకుంటాను. డెబ్భై నాలుగేళ్ళ గుండెజబ్బు మొగుడికి ప్రతిదీ చెప్పి తీరాలని ఎక్కడా రాసిలేదు.

చిక్కుడుగింజల సూప్ చేశాను. ఉప్పు ఎక్కువైందన్నాడు. ఎక్కువ కాలేదు.

మార్చి 9

ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఆ అమ్మాయి రొడోపి కొండల్లో లాజర్‌కి ఆ చామంతి దొరికిన మా బండ మీదికే వెళ్ళి పద్నాలుగు మొక్కలు తెచ్చింది. పద్నాలుగింటిలోనూ క్రోమోజోములు పద్దెనిమిదే. 'మీరు 1984లో ముప్పై ఆరు చూశారు కనుక ఆ స్లయిడూ, ఆనాటి ప్రయోగశాల నోటుపుస్తకమూ ఒక్కసారి చూడనిస్తారా' అని అడుగుతోంది. ఎంత మర్యాదగా అడిగిందో! తిట్టి ఉంటే సులువుగా ఉండేది.

నేను లెక్కపెట్టాను. పది కణాలు. ముప్పై ఆరు.

నలభై ఏళ్ళు వేరుకొనలు నలిపి లెక్కపెట్టినదాన్ని నేను. పేర్లు పెట్టేది ప్రొఫెసర్లు, కళ్ళు పోగొట్టుకునేది మేము. ఈ చామంతుల కుటుంబం ఎంత గడుసుదో నాకు తెలుసు. ఒకే కొండ మీద ఒకదానికి పద్దెనిమిది, పక్కదానికి ముప్పై ఆరు, కింద వాగు ఒడ్డున ఇరవై ఏడు. యాభై నాలుగు కూడా చూశాను. మనుషుల్లో ఒక్కటి ఎక్కువైతే డాక్టర్లు తలుపులు మూసి మాట్లాడతారు. ఇవి రెండింతలై కూడా ఏమీ ఎరగనట్టు పూస్తాయి. అలాంటప్పుడు మా బండ మీద ముప్పై ఆరు ఉంటే వింతేముంది? పదిహేనో మొక్క తవ్వి ఉంటే ఆ అమ్మాయికి కనపడేది.

ఆ ఒక్క అంకె మీదే జోరి పేరు నిలబడి ఉంది. మా కూతురు జోర్నిత్స, మా జోరి, ఎనిమిదో ఏట పోయింది. మరుసటి ఏడు లాజర్ ఆ చామంతికి దాని పేరు పెట్టాడు. చూడ్డానికి పాత చామంతికీ దీనికీ తేడా ఆకుల మీద కాస్త నూగు, అంతే. నూగు చూసి కొత్త జాతి అంటే లోకం నవ్వుతుంది. అంకె వేరు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. అంకె పోతే పాత పేరు పైన ఉంటుంది, దాని కింద సమానం గుర్తు పెట్టి చిన్న అక్షరాల్లో మా పిల్ల పేరు వేస్తారు. అలా చిన్న అక్షరాల్లోకి దిగిపోయిన పేర్లు ఎన్ని చూడలేదు నేను! వాటిని ఎవరూ చదవరు. నేనూ చదివేదాన్ని కాదు.

మార్చి 15

నేను రొట్టెకి వెళ్ళిన పది నిమిషాల్లో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. లాజర్ ఎత్తాడు. నేను తలుపు తీసేసరికి కోడిపుంజులా కూర్చుని ఉన్నాడు.

"రామ్మా, రా! ముక్కు గాజుకి ఆనించి మరీ చూద్దువుగాని. మా ఆవిడ చెయ్యి సంగతి నీకు తెలియదు. లెక్కపెట్టిందంటే రాయి మీద గీత!"

ఫోన్ పెట్టి నా వైపు తిరిగాడు.

"ఉత్తరం రాసిందటగా, నాకు చదవలేదేం?"

"ప్రకటనల కాగితాల్లో కలిసిపోయి ఉంటుంది."

"కలిసిపోయిందా, నువ్వు కలిపావా?"

"నాకు వేరే పనేం లేదు మరి, నీ ఉత్తరాలు దాచుకుంటూ కూర్చుంటాను."

నవ్వాడు. అలా నవ్వించి తప్పించుకోవడం నాకు బాగా అలవాటైపోయింది.

మార్చి 26

క్రెమెనా వచ్చింది. పొడుగ్గా, సన్నగా, మణికట్టుకి మార్చి నెలలో అందరూ కట్టుకునే ఎరుపూ తెలుపూ దారం. పెట్టిన బానిత్స, జున్నురొట్టె, రెండు ముక్కలూ తినేసి, మూడోది అడిగి పెట్టించుకుంది. నచ్చకూడదు అనుకున్నాను. నచ్చింది.

స్లయిడు తీసిచ్చాను. లాజర్ పాత సూక్ష్మదర్శిని కింద పెట్టి, సిరాతో గుండ్రంగా గీత గీసి పెట్టిన చోటు చూసింది. చాలాసేపు చూసింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది, మేమందరం చేసినట్టే.

"ముప్పై ఆరే, ఆంటీ. ఎంత శుభ్రంగా ఉందో!"

లాజర్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "ఏమన్నాను?"

"కాదనడం లేదు, ప్రొఫెసర్ గారూ. కాని నాకెందుకు ఒక్కటీ దొరకలేదో అర్థం కావడం లేదు. నోటుపుస్తకం కూడా ఉంటే..."

"అది పోయింది," అన్నాను. "సంస్థ భవనం మారినప్పుడు."

లాజర్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

పళ్ళేలు కడుగుతుంటే ఆ అమ్మాయి వంటింట్లోకి వచ్చింది. తుడిచే గుడ్డ అందుకుని, నన్ను చూడకుండా అడిగింది.

"లెక్కకి ముందు మొలకలు మందులో ఎంతసేపు ఉంచారు, ఆంటీ?"

"రెండున్నర గంటలు. ఎప్పుడూ అంతే."

"ఈ చామంతి వ్యాసంలోనూ అలాగే ఉంది. అదే ఆశ్చర్యం. ప్రొఫెసర్ గారి వ్యాసాలన్నీ చదివాను, ఇంకెక్కడా ఆయన ఎంతసేపో రాయలేదు."

వెళ్తూ వెళ్తూ ఒక చిన్న కాగితం పొట్లం ఇచ్చింది. మా బండ మీది విత్తనాలు. "మీ చేత్తో ఒకసారి చూడండి. మీకు ముప్పై ఆరు వస్తే నేను నోరు మూసుకుంటాను," అంది. నిజంగానే అంది, వెటకారం లేదు.

ఏప్రిల్ 2

పెరుగు డబ్బాల మూతల్లో తడి కాగితం పరిచి విత్తనాలు చల్లాను. లాజర్ వచ్చి వేళ్ళతో తడిమి చూశాడు.

"మళ్ళీ ఉద్యోగంలో చేరావా?"

"నీ పువ్వు కోసమే."

"నా పువ్వేంటి, మన పువ్వు," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట అనగా నేను వినలేదు.

ఏప్రిల్ 9

మొలిచాయి. ఇరవై మూడు.

ఏప్రిల్ 12

పాత ప్రయోగశాలలో ఇంకా నన్ను గుర్తుపట్టే వాళ్ళున్నారు. మూల బల్ల ఇచ్చారు. మందులో రెండున్నర గంటలు, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత మామూలే. చేతులు మరిచిపోలేదు.

పద్దెనిమిది.

ఏప్రిల్ 14

పద్దెనిమిది. పద్దెనిమిది. పద్దెనిమిది.

ఏప్రిల్ 15

పద్దెనిమిది.

ఏప్రిల్ 20

పదకొండు మొక్కలు అయ్యాయి. లాజర్ రోజూ అడుగుతున్నాడు. "ఇంకా తేలలేదు, వేళ్ళు బలంగా లేవు" అంటున్నాను. అబద్ధమేం కాదు. ఒకటి రెండు నిజంగానే బలంగా లేవు.

ఈస్టరు గుడ్లకి రంగు వేయాలి. ఎరుపు ఒక్కటే వేస్తాను ఈసారి.

ఏప్రిల్ 27

సోమవారం పదింటికి నాలుగు మొలకలు మందులో వేసి, సీసా అలాగే వదిలి ఇంటికొచ్చేశాను. ఇవాళ బుధవారం వెళ్ళి తీశాను. వేరుకొనలు ఉబ్బి, అగ్గిపుల్ల తలల్లా ఉన్నాయి.

ముప్పై ఆరు. అక్కడక్కడా కొన్ని పద్దెనిమిదే. అప్పుడు కూడా కొన్ని అలాగే ఉన్నాయి. నలిగిన కణాలు అనుకున్నాను. అనుకున్నానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను.

ఏప్రిల్ 28

రాస్తాను. ఈ పుస్తకం చూసే కళ్ళు ఈ ఇంట్లో లేవు.

ఆ మందు కణాన్ని రెండుగా చీలనివ్వదు. రెండు మూడు గంటలైతే క్రోమోజోములు విడివిడిగా పరుచుకుని లెక్కకి వీలుగా నిలబడతాయి. రెండు రోజులు వదిలేస్తే, చీలలేక కణం లోపలే రెండింతలవుతుంది. పద్దెనిమిది ముప్పై ఆరవుతుంది. ఇది మొదటి వారం పనిలో చేరిన పిల్లకి కూడా చెప్పే సంగతి. నేనే చెప్పేదాన్ని.

1984 మే 14, సోమవారం. లాజర్ కొండల్లో ఉన్నాడు. పదింటికి ఆ బండ మీది మొలకలు మందులో వేశాను. నోటుపుస్తకంలో '10.00 – 12.30' అని రాశాను. తీసే వేళ కూడా ముందే రాసేసి గడియారానికి గంట పెట్టుకోవడం మా అలవాటు. తడి చేతులతో మళ్ళీ కలం పట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. పదీ ఇరవైకి బడి నుంచి ఫోన్. పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది, మెడ వంచలేకపోతోంది, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం అని. పరిగెత్తాను.

లాజర్ ఆ రాత్రికి చేరాడు. అప్పటికి అది మాకెవరికీ పలకడం లేదు.

బుధవారం పొద్దున లాజర్, "ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుని రా, నేనుంటాను," అన్నాడు. వెళ్ళాను. నా చేతిసంచీ ప్రయోగశాలలోనే ఉండిపోయింది, ఇంటి తాళం చెవి అందులో ఉంది. అందుకే వెళ్ళాను అక్కడికి. సంచీ తీసుకున్నాను. సీసా కనపడింది. అప్పుడు వెళ్ళిపోవాల్సింది. మొలకల వేళ్ళు కడిగాను, ఆల్కహాలులో వేశాను, మూత బిగించాను. పది నిమిషాలు. ఎందుకు చేశానో తెలియదు. చేతికి తెలిసిన పని అదొక్కటే. ఏదైనా ఒక్కటి సరిగ్గా జరగాలనిపించింది.

తిరిగి వెళ్ళేసరికి జోరి లేదు.

బట్టల కోసం ఇంటికి వెళ్ళానని లాజర్ అనుకున్నాడు. అనుకోనిచ్చాను. సెప్టెంబరులో స్లయిడు చేసి చూస్తే ముప్పై ఆరు. ఆ మాట చెప్పినప్పుడు లాజర్ ముఖంలో నాలుగు నెలల తర్వాత ఏదో కదిలింది. "కొత్తది దొరికింది, దోన్కా," అన్నాడు. మొలకలు రెండు రోజులు మందులో ఉన్నాయని చెప్తే, వాటిని ఎప్పుడు తీశావని అడుగుతాడు. బుధవారం అని చెప్పాలి. బుధవారం ఎన్నింటికి అని అడుగుతాడు.

నేను తల్లిని. ఆ పది నిమిషాలు నేను వేళ్ళు కడుగుతున్నాను.

మే 3

ఒక పని చెయ్యొచ్చు. బాగా ఉబ్బిన కొనలు కోసి పారేసి, తక్కువ ఉబ్బినవి నాలుగు చిన్న సీసాలో వేసి క్రెమెనాకి పంపొచ్చు. నా చేతి పని అంటే నమ్ముతుంది. పుస్తకంలో 'అరుదుగా ముప్పై ఆరు' అని ఒక్క మాట పడితే చాలు, జోరి పేరు మరో వందేళ్ళు పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

ఎవరికి నష్టం? చామంతికా?

మే 6

సీసా దూదిలో చుట్టి డబ్బాలో పెట్టాను. పోస్టాఫీసు వరసలో నిలబడ్డాను. నా ముందు ఒకే ఒక్క ముసలాయన మిగిలాడు. ఆయన పోయిన తన కొడుకు ఫోటో కాగితం ఆ గోడకి అంటించనివ్వరా అని అడుగుతున్నాడు, కిటికీ వెనక ఆవిడ కుదరదంటోంది. వరసలోంచి తప్పుకున్నాను. ఇంటికొచ్చేశాను. డబ్బా అలమరాలో ఉంది.

రేపు వెళ్తాను.

మే 9

వెళ్ళలేదు.

మే 14

ప్రతి ఏడూ ఈ రోజున లాజర్ చెప్తాడు, నేను రాస్తాను. జోరి వర్ధంతి కాగితానికి, దాని ఫోటో కింద నాలుగు వాక్యాలు. అచ్చు వేయించి పదహారో తారీఖున మా తలుపు మీదా, కింద వీధి తలుపు మీదా అంటిస్తాం. ఏటేటా అవే మాటలు, ఏళ్ళ అంకె ఒకటే మారుతుంది. ఇవాళ మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"ఈసారి ఒక వాక్యం కలుపుదాం. రాయి. 'ఇరవై ఏడేళ్ళయింది నువ్వు వెళ్ళి. నీ పేరు పెట్టుకున్న పువ్వు ఆ కొండ మీద పూస్తున్నంత కాలం...'"

నా చెయ్యి ఆగింది.

"ఏం, సిరా అయిపోయిందా?"

"అది వద్దు, లాజర్."

"ఎందుకొద్దు?"

"అలాంటి పువ్వు లేదు. పద్దెనిమిదే. నేనూ చూశాను, పదకొండు మొక్కలు."

"మరి నువ్వే కదా ముప్పై ఆరు అన్నావు?"

చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. అలమరా దిగువ అరలోంచి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాను, పోయిందని చెప్పినదాన్ని. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"సోమవారం నుంచి బుధవారం దాకా మందులోనే ఉండిపోయాయి. బుధవారం నేను బట్టల కోసం వెళ్ళలేదు. ప్రయోగశాలకి వెళ్ళాను. జోరి పోయినప్పుడు నేను అక్కడ వేళ్ళు కడుగుతున్నాను. ఇప్పుడు ఏమంటావో అను."

ఆయన ఆ మాట వినిపించుకున్నట్టే లేదు.

"పన్నెండున్నరకి తీశావు కదా?"

"ఎవరు తీశారు? పదీ ఇరవైకి ఫోనొచ్చింది. కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తాను."

"పుస్తకంలో పన్నెండున్నర అని ఉంది."

"అది ముందే రాసేస్తాం."

"ముందే రాస్తారా?"

"అందరం అంతే. గడియారానికి గంట పెట్టుకుని..."

"ముందే రాస్తారా, దోన్కా?"

"ఏళ్ళ తరబడి పక్కగదిలో కూర్చుని నీకీ సంగతి తెలియదా? స్లయిడు తయారయ్యాక పిలిస్తే వచ్చి చూసి పోయేవాడివి, నీకెలా తెలుస్తుందిలే!"

"ఆస్పత్రికి ఎన్నింటికి వెళ్ళావు?"

"పదకొండుకి ఐదు నిమిషాలు తక్కువ."

కుర్చీ చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది. మాత్ర ఇవ్వబోతే వద్దన్నాడు.

"ఒంటిగంటకి అనుకున్నాను," అన్నాడు.

ఏమిటి అనుకున్నాడో నాకు వెంటనే తట్టలేదు. ఆయనే చెప్పాడు, నా వైపు చూడకుండా, చూసినా కనపడదు కదా. పాతిపెట్టిన రోజున బడి టీచరు చెప్పిందట, పదీ ఇరవైకి ఫోన్ చేశామని. అక్టోబరులో వ్యాసం రాయడానికి నోటుపుస్తకం తీస్తే పన్నెండున్నర కనపడిందట.

"పిల్లని అక్కడ ఒంటరిగా వదిలేసి, నువ్వు వేళ్ళు తీసే వేళ దాకా కూర్చున్నావనుకున్నాను. పని చెడకూడదని."

"నేనా?"

"నీ చెయ్యి ఏ పనీ సగంలో వదలదు కదా. అందరూ అదే అనేవాళ్ళు."

"ఇరవై ఏడేళ్ళు అలా అనుకున్నావా?"

"వ్యాసంలో నేనే రాశాను, రెండున్నర గంటలని. ఎప్పుడూ రాయనిది. నువ్వు చూస్తావని. చూసి ఏదో ఒకటి అంటావని."

"నేను ఆ వ్యాసం చదవలేదు. దాని పేరున్న పేజీ ఒక్కటే చూశాను."

మే 15

గురక వల్ల కాదన్నమాట.

ఆ అక్టోబరులో లాజర్ తన పరుపు చదివే గదిలోకి మార్చుకున్నాడు. గురక వస్తోంది, నీకు నిద్ర చెడుతుంది అన్నాడు. నేను నమ్మాను. ఎంత మంచివాడో అని కూడా అనుకున్నాను. మా వదినకి చెప్పి నవ్వాను. ఇంకో బిడ్డ వద్దన్నాడు, భయం వల్ల అనుకున్నాను. జోరి గురించి నేను ఏదైనా చెప్పబోతే లేచి వెళ్ళిపోయేవాడు, తట్టుకోలేక అనుకున్నాను. నాకు ముప్పై తొమ్మిదేళ్ళు అప్పుడు. ఇప్పుడు అరవై ఆరు. ఒక్క మాట అడిగి ఉంటే! బల్లకి అటువైపు కూర్చున్న మనిషి, ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి నోరొచ్చిన మనిషి, ఒక్కసారి 'ఎన్నింటికి వెళ్ళావు' అని అడిగి ఉంటే!

ఆయన టీ కప్పు సింకులో వేసి పగలగొట్టాను. కావాలనే.

మే 16

కాగితం అంటించాం. పాత మాటలే. లిఫ్టు పనిచెయ్యకపోతే కిందికి నేనొక్కదాన్నే దిగాను. వచ్చి చూస్తే ఆయన మా తలుపు దగ్గరే నిలబడి, కాగితం మీద వేళ్ళతో ఫోటో ఎక్కడుందో వెతుకుతున్నాడు. చెయ్యి పట్టుకుని చూపించలేదు. చూపించాల్సింది.

మే 17

మాటల్లేవు.

మే 18

ఉడికించిన బంగాళాదుంపలు. ఏమీ అనకుండా తిన్నాడు.

మే 21

పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం గీసుకున్నాడు, రెండు చోట్ల తెగింది.

"నువ్వు వెళ్ళేసరికి... మాట్లాడుతోందా?"

నా చేతిలో గరిటె ఉంది. కిందపెట్టాను.

"మాట్లాడింది. పన్నెండు దాటేదాకా."

"గంట పైన!"

"గంట పైనే."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదే."

నిజానికి అంతకంటే పెద్ద కారణం ఉంది, ఆయన లేచి వెళ్ళిపోయేవాడు కదా. అది అనలేదు. చాలా అనాలని ఉంది నాకు, ఈ వారం రోజులూ లోపల్లోపల అంటూనే ఉన్నాను. ఆయన చెంప మీద రక్తం చుక్క చూస్తూ ఒక్కటీ అనలేకపోయాను.

"ఏమంది?"

కూర్చోబెట్టి చెప్పాను. కార్లో టీచరు కప్పిన దుప్పటి గొర్రె వాసన వేసిందని విసుక్కుంది. తెల్ల చెర్రీలు వచ్చాయా అని అడిగింది. ఇంకా వారం పడుతుందన్నాను. డిక్టేషన్‌లో ఒకే తప్పు, అది కూడా టీచరు సరిగ్గా పలకకపోవడం వల్లేనట. నర్సు పిన్నుల డబ్బా చూసి, ఇవి నాన్న పెట్టెలో ఉన్నవాటి కంటే పెద్దవి అంది. ఆ తర్వాతది చెప్పాలా వద్దా అని ఆగాను. ఇరవై ఏడేళ్ళు దాచి ఏం సాధించామో తెలుసు కాబట్టి చెప్పాను.

"'నాన్న వచ్చేదాకా నిద్రపోను' అంది. 'నిద్రపోతే లేపకుండా వెళ్ళిపోతాడు. ఈసారి నేనే మేలుకుని ఉంటా' అంది."

చెయ్యి పైకెత్తాడు, చాలు అన్నట్టు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు గాలిలో.

"ఆ ఆదివారం బస్సు తెల్లవారుజామున ఐదింటికి," అన్నాడు. "ముద్దుగా నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు."

ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. జోరి పోయినప్పుడు కూడా మేం ఒకచోట కూర్చుని ఏడవలేదు.

మే 23

క్రెమెనాకి ఉత్తరం రాశాను. అంతా. సోమవారం, బుధవారం, ఉబ్బిన కొనలు, పద్దెనిమిదిలు. డబ్బాలోని సీసా కుళాయి కింద ఒలకబోశాను. నోటుపుస్తకం ఇమ్మని లాజర్ అన్నాడు. కావాలంటే ఆ పేజీ అచ్చు వేసుకోమన్నాడు.

జూన్ 1

క్రెమెనా ఫోన్. మొదట ముక్కు ఎగబీల్చడం వినపడింది.

"ఆంటీ, కారణం రాయకుండా ఊరుకోనా? 'లెక్క సరిపోలేదు' అంటే చాలు, ఎవరూ అడగరు."

"రాయి. మొలకలు రెండు రోజులు మందులో ఉండిపోయాయని రాయి. ఎవరి చేతిలో అంటే నా పేరు రాయి."

"పేరు పూర్తిగా పోదు, ఆంటీ. కిందన ఉంటుంది."

"తెలుసమ్మా. చిన్న అక్షరాల్లో."

ఫోన్ పెట్టేశాను. ఇంతకాలం కాపాడుకున్నది ఒక్క నిమిషంలో నా నోటితోనే ఇచ్చేశాను. ఒప్పు చేశానని తెలిసీ ఏం సుఖంగా లేదు.

జూన్ 4

మళ్ళీ చెప్పమన్నాడు. ఫోన్ మోగిన దగ్గర నుంచి. 'ఏ కోటు వదిలేసి పరిగెత్తావు' అని కూడా అడిగాడు. బూడిదరంగుది అన్నాను. మళ్ళీ అదే చోట చెయ్యి ఎత్తాడు.

జూన్ 11

మళ్ళీ.

జూన్ 19

తెల్ల చెర్రీలు తెచ్చాడు. మెట్లు తడుముకుంటూ నాలుగంతస్తులు దిగి, ఎక్కి. తిట్టాను. "గుండె ఆగితే ఎవరు మోస్తారు నిన్ను?" అన్నాను. "చెర్రీలు ముందు తీసుకుని తర్వాత తిట్టు," అన్నాడు.

జూన్ 30

క్రెమెనా తన పుస్తకంలోని మా చామంతి పేజీ పంపింది. లాజర్‌కి చదివి వినిపించాను. పాత పేరు, దాని వర్ణన, క్రోమోజోములు పద్దెనిమిది. కిందన సమానం గుర్తు, జోరి పేరు, లాజర్ పేరు, 1985.

"చిన్న అక్షరాలా?"

"చిన్నవే."

"సరే," అన్నాడు. ఇంకోసారి చదవమనలేదు. కాసేపటికి, "చెప్పు," అన్నాడు.

ఫోన్ మోగిన దగ్గర నుంచి చెప్పాను. దుప్పటి, చెర్రీలు, డిక్టేషన్, పిన్నులు. 'నిద్రపోను' దగ్గరికి వచ్చేసరికి ఆగాను. ఇవాళ చెయ్యి ఎత్తలేదు. చివరిదాకా విన్నాడు. ఆ తర్వాత నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. లేచాను.

"బుధవారం," అన్నాడు లాజర్. "నువ్వు లేనప్పుడు నేనున్నాను కదా. ఎలా పోయిందో నువ్వెప్పుడూ అడగలేదు."

అడగలేదు. అడిగితే, నువ్వెక్కడున్నావని ఆయన అడుగుతాడని.

"ఒకసారి కళ్ళు తెరిచింది, దోన్కా. ఎవరికీ చెప్పలేదు నేను. కూర్చో, చెప్తాను."

పొయ్యి ఆపి వచ్చి కూర్చున్నాను.